కొండ మీద వాన – ఊళ్ళో వరద

"వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి ఎరుక?" అని పెద్దలు అంటారు. అక్కలారా, చెల్లెళ్ళారా! ఈ సామెతలో మొదటి సగం ఇప్పుడు మారింది. వాన ఎప్పుడు వస్తుందో వాతావరణ శాఖ ముందే చెప్తుంది. ఆ మాట అందరికీ అందితే రెండో సగం కూడా కొంత మార్చవచ్చు. పుస్తకంలోని విపత్తుల పాఠాన్ని మన నంద్యాల, ఆళ్ళగడ్డ వాగులకు పోల్చి చూసి ఇది రాస్తున్నాను.

విపత్తు అంటే ఏమి?

పెద్ద వాన ఒక్కటే విపత్తు కాదు. మనుషులు లేని అడవిలో వాగు పొంగితే దాన్ని విపత్తు అనరు. అదే వాగు గట్టున జనం ఏమీ తెలియక నిద్రపోతుంటే అది విపత్తు. అంటే వానను మనం ఆపలేము కానీ, తెలియకపోవడాన్ని ఆపగలము.

మన వాగుల సంగతి

మనకు తూర్పున నల్లమల, పడమర ఎర్రమల. నడుమ కుందూ నది ఉత్తరం నుంచి దక్షిణానికి పారి, కడప జిల్లాలో పెన్నలో కలుస్తుంది. నంద్యాల దగ్గర మద్దిలేరు, చామకాలువ, ఆళ్ళగడ్డ దగ్గర వక్కిలేరు ఉన్నాయి. ఇవన్నీ కుందూలో చేరేవే. కొండ ఏటవాలుగా ఉంటుంది కాబట్టి అక్కడ పడిన నీళ్ళు ఆగవు, గబగబా దిగుతాయి. కింద నల్లరేగడి నేల. అది ఒకసారి తడిసి ఉబ్బితే నీళ్ళను తొందరగా ఇంకనివ్వదు.

ఒక చిన్న లెక్క చేద్దాం. ఎకరా అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. దాని మీద 10 సెంటీమీటర్ల వాన పడితే 4 లక్షల లీటర్లు దాటుతాయి. 15 లీటర్ల బిందెతో కొలిస్తే దాదాపు 27 వేల బిందెలు! ఇది ఒక్క ఎకరా లెక్కే. మరి నల్లమల ఎన్ని ఎకరాలు?

అందుకే మన నెత్తిన ఎండ కాస్తున్నా వంకకు నీళ్ళు రావచ్చు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరం మునిగింది. ఎగువన కర్ణాటకలో పడిన వానలు కూడా దానికి కారణమే. 2019 సెప్టెంబరులో కుందూ, దాని వాగులు పొంగి నంద్యాల చుట్టుపక్కల ఊళ్ళు, పొలాలు మునిగాయి. మహానంది గుడిలోకి కూడా నీళ్ళు వచ్చాయి.

చివరి ఇంటి దాకా

1999లో ఒడిశాలో వచ్చిన పెద్ద తుఫానులో సుమారు 10 వేల మంది చనిపోయారు. 2013లో అక్కడికే ఫైలిన్ తుఫాను వచ్చింది. అప్పుడు లక్షల మందిని ముందే సురక్షిత చోట్లకు తరలించారు. చనిపోయినవాళ్ళు పదుల్లోనే ఉన్నారు. ఎందుకంటే మాట ఇంటింటికీ పోయింది. జనం చేరడానికి గట్టి కట్టడాలు ముందే కట్టి పెట్టుకున్నారు. ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వలేదు.

2005లో వచ్చిన విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జిల్లాకూ ఒక సంస్థ ఉంటుంది. కలెక్టరు గారే దానికి అధ్యక్షులు. అక్కడి నుంచి కబురు ఫోన్లకు వస్తుంది. కానీ మా గూడెంలో వాన పడితే సిగ్నలు ఉండదు. కాబట్టి చివరి ఇంటికి కబురు కాళ్ళ మీద నడిచి పోవాల్సిందే. ఎవరు పోవాలో వానకు ముందే అనుకోవాలి. ముసలివాళ్ళను, బాలింతలను ఎవరు పట్టుకొని రావాలో కూడా అప్పుడే చెప్పుకోవాలి.

మా అవ్వకు చదువు రాదు. అయినా "నీళ్ళు ఎర్రబడి, పుల్లలూ ఆకులూ కొట్టుకొస్తే వంక దిగొద్దు" అంటుంది. పాఠం కూడా అదే చెప్తుంది: నీరు ఉన్నట్టుండి బురదగా మారితే పైనుంచి వరద వస్తున్నట్టు గుర్తు. ఒక ఘనమీటరు నీళ్ళ బరువు 1,000 కిలోలు. అది పరుగెత్తి వస్తే మోకాటి లోతులో కూడా మనిషి నిలవలేడు.

హాస్టల్లో మనం చేయగలిగినవి

1. వాతావరణ హెచ్చరిక రంగు రోజూ బోర్డు మీద రాయాలి. పసుపు అంటే గమనించండి, నారింజ అంటే సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే వెంటనే కదలండి.
2. ఒక్కో పెద్దక్క ఐదుగురు చిన్నపిల్లల పేర్లు రాసుకొని, లెక్క చూసుకోవాలి.
3. కులపత్రం, ఆధార్ కార్డు, మార్కుల కాగితాలు ప్లాస్టిక్ కవరులో పెట్టి పై అరలో ఉంచాలి. అవి తడిస్తే మన అమ్మానాయన మళ్ళీ ఎన్నిసార్లు ఆఫీసుల చుట్టూ తిరగాలో మనకు తెలుసు.
4. వరద తర్వాత నీళ్ళు కాచి తాగాలి. ట్రంకు పెట్టెలో చెయ్యి పెట్టేముందు పాములు, తేళ్ళు ఉన్నాయేమో చూడాలి. పాము కరిస్తే కోయవద్దు, గట్టిగా కట్టవద్దు. కదలకుండా ఉంచి ఆసుపత్రికి తీసుకుపోవాలి.
5. ఉరుములు వినబడితే చెట్టు కింద నిలబడవద్దు.

వార్డెన్ మేడమ్ గారికి మనవి

సెలవు ఇచ్చిన సాయంత్రం అందరికీ ఇంటికి పోవాలని ఆత్రం. బస్సు దిగాక వంక. అవతల నాయన, ఇవతల మనం, నడుమ నీళ్ళు. అమ్మ కనబడుతుంటే ఎవరు ఆగుతారు? కొండ వాగు ఎంత తొందరగా పొంగుతుందో, వాన ఆగితే అంత తొందరగానే తగ్గుతుంది. కాబట్టి నారింజ, ఎరుపు హెచ్చరిక ఉన్న రోజు వంక దాటాల్సిన పిల్లలను ఇంటికి పంపవద్దు. తగ్గే దాకా ఇక్కడే ఉంచి, అన్నం పెట్టండి. మేము ఏడ్చినా సరే పంపవద్దు.

ఆలోచించి చెప్పండి

1. మీ ఊరి వాగు ఏ కొండలో పుడుతుంది?
2. మీ ఊళ్ళో అందరికంటే చివరి ఇల్లు ఎవరిది? వాళ్ళకు కబురు ఎవరు చెప్తారు?

రెండో ప్రశ్నకు జవాబు తెలియనివాళ్ళు ఈసారి ఇంటికి పోయినప్పుడు అడిగి రండి.

గుర్తుంచుకోవాల్సిన నంబర్లు: అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108, జిల్లా కంట్రోల్ రూముకు 1077.

– 9వ తరగతి విద్యార్థిని