కొత్త దుప్పటి: పరచుటకు ముందు

అంగడి నుండి మడత నలగకుండ వచ్చిన కొత్త దుప్పటి చూచుటకు మిక్కిలి శుభ్రముగా కనబడును. అందుచేతనే పలువురు దానిని తెచ్చిన రాత్రియే పరచుకొందురు. కొందరు మూలలకు పసుపు అంటింతురు. పసుపు మంగళకరమే, కాని బట్టలోని గంజిని అది తొలగింపజాలదు.

బట్టలో గంజి ఏల యుండును? మగ్గముపై నిడుపుగా సాగు దారములను పడుగు అనియు, అడ్డముగా నడచు దారములను పేక అనియు అందురు. నేయునపుడు పడుగు దారములు రాపిడికి తెగకుండుటకై వానికి ముందుగా గంజి పట్టింతురు. మిల్లులలో దీనిని తరువాత కడిగివేసినను, అమ్మకమునకు ముందు బిరుసు కొరకు మరల పెట్టుట కలదు. అద్దకపు రంగు కొంత వదులుగా మిగిలి యుండవచ్చును. ముడతలు పడవని చెప్పి అమ్ము బట్టలలో కొన్నింటికి ఫార్మాల్డిహైడు కలిసిన పూత ఉండును. ఇది సరిపడనివారికి దురద, ఎఱ్ఱని దద్దుర్లు కలుగును. చెమట పట్టు మెడ, చంకలు, తొడల మడతలయందు బాధ హెచ్చు. పసిబిడ్డలను పాత చీరల బొంతలపై పరుండబెట్టు పెద్దల పద్ధతి ఈ విషయమున మెచ్చదగినది. ఆ బట్టలలోని గంజియు వదులు రంగును ఎన్నడో పోయియుండును.

కావున కొత్త దుప్పటిని వేరుగా ఒక తొట్టిలో రాత్రి నానవేసి, ఉదయమున సబ్బుతో ఉతికి, నీరు తేటపడువరకు జాడింపవలెను. తెల్లనిదానికి గోరువెచ్చని నీరు మేలు. రంగుదానికి మొదటిసారి చన్నీరే తగును. గంజి పోయినదో లేదో తెలిసికొనుటకు అంచునుండి ఒక దారము లాగి, దానిపై నీరు కలిపిన టింక్చర్ అయొడిన్ ఒక చుక్క వేయుడు. నీలివన్నె వచ్చినచో ఇంకను గంజి యున్నదన్నమాట. గంజి నిలిచిన బట్ట వానకాలమున పెట్టెలో బూజు పట్టును, బొద్దింకలు చేరును. మగ్గముపై బిగువుగా లాగబడిన నూలు తడిసినంతనే సడలి కురుచయగును. దుప్పటిని పరుపుకంటె పెద్ద కొలతలో కొనుట మంచిది.

నూలు సన్నదనమును నెంబరుతో చెప్పుదురు. 840 గజముల చిలపలు ఎన్ని ఒక పౌను తూగునో అదియే నెంబరు. 20 నెంబరు ముతక, 100 నెంబరు మిక్కిలి సన్నము. శ్రీకాకుళము జిల్లా పొందూరు ఖద్దరు ఇట్టి సన్ననూలుకే పేరుపొందినది. నిత్యము వాడు దుప్పటికి మాత్రము సన్నదనముకంటె ఉతుకుడుకు ఆగుట ముఖ్యము. పత్తినూలు పొడిగా నున్నప్పటికంటె తడిసినపుడే గట్టిది. చాకిరేవు బండ దెబ్బలకు అది ఓర్చుట అందువలననే. టెరికాటను దుప్పటి త్వరగా ఆరును గాని, అందలి పాలియెస్టరు చెమటను అంతగా పీల్చదు.

ఇంట గజ్జి సోకినపుడు ఈ భేదము స్పష్టముగా తెలియును. గజ్జిపురుగు మనిషి శరీరమును విడిచి సాధారణముగా 2, 3 దినములకంటె ఎక్కువ బ్రతుకదు. 50 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో 10 నిమిషములకు చచ్చును. వైద్యుడిచ్చిన మందును ఇంటిల్లిపాదియు ఒకేసారి పూసికొని, ఆ దినముననే దుప్పట్లు, గలీబులు, కట్టుబట్టలు వేడినీట ఉతికి యెండవేయవలెను. తెల్లని ముతక నూలుదుప్పటిని నిర్భయముగా ఉడకబెట్టవచ్చును. వేడికి ఆగనివానిని ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి కట్టి, ఒక వారము ముట్టకుండ ఉంచవలెను.