పది నోటును ఒకసారి తిప్పి చూడండి

2023 జులైలో ఒక చిన్న నక్షత్రం చాలామందిని కంగారుపెట్టింది. నంబరు మధ్యలో స్టార్ గుర్తున్న 500 నోటు దొంగనోటని, ఎవరిచ్చినా తీసుకోవద్దని వాట్సాప్‌లో మెసేజ్ తిరిగింది. మరోపక్క అదే స్టార్ నోటు మీ దగ్గరుంటే లక్షాధికారులైపోతారని ఊరించే వీడియోలూ ఉన్నాయి. గుర్తు ఒకటే. దాన్ని చూపించి ఒకరు భయపెట్టారు, ఇంకొకరు ఆశపెట్టారు. అసలు సంగతి తెలిసినవాళ్లు మాత్రం ఆ నోటు ఇచ్చి కూరగాయలు కొనుక్కుని ఇంటికి పోయారు. రోజూ చేతిలో మెసిలే వస్తువును క్షుణ్ణంగా తెలుసుకుంటే మనిషికి ఎంత నిబ్బరం వస్తుందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ కనబడలేదు.

ఆ సంగతేమిటో చూద్దాం. అచ్చయిన నోట్లను 100 చొప్పున కట్ట కడతారు. వాటిలో ఏదైనా అచ్చు చెడితే దాని బదులు మరొకటి పెట్టాలి. అదే నంబరుతో మళ్లీ అచ్చు వేసి, వరుస తప్పకుండా సర్దడమంటే పనీ ఎక్కువే, ఖర్చూ ఎక్కువే. అందుకే 2006లో రిజర్వ్ బ్యాంకు 10, 20, 50 రూపాయల నోట్లతో స్టార్ సిరీస్ మొదలుపెట్టింది. నంబరులో ముందుండే మూడు గుర్తులకూ తర్వాతి అంకెలకూ నడుమ నక్షత్రం కనిపిస్తే, అది చెడిన నోటు స్థానంలోకి వచ్చిన మంచి నోటు. అలాంటివి ఉన్న కట్ట పట్టీ మీద ఆ విషయం రాసే ఉంటుంది. 2016 డిసెంబరులో కొత్త 500 నోటుకూ ఈ పద్ధతి తెచ్చారు. 2023 పుకారు ముదిరేసరికి, మిగతా నోట్లలాగే ఇదీ చెల్లుతుందని రిజర్వ్ బ్యాంకు మరోసారి చెప్పాల్సి వచ్చింది. మనవాళ్లకు ఇందులో ఇంకో ముచ్చట కూడా ఉంది. స్టార్ మొదలైనప్పుడు గవర్నరు కడప జిల్లాకు చెందిన వై.వి. రెడ్డి. ఆయన తర్వాత 2008లో ఆ కుర్చీలోకి వచ్చిన దువ్వూరి సుబ్బారావు పుట్టింది ఏలూరులో. పాత పది నోటు దొరికితే దాని మీద గవర్నరు సంతకం ఎవరిదో చదవండి.

స్టార్ ఒక్కటే కాదు, నంబర్ల వేట కూడా మెదడుకు మంచి మేత. ఆరంకెల నంబర్లు దాదాపు 10 లక్షలు. 111111 నుంచి 999999 దాకా అన్నీ ఒకే అంకె ఉన్నవి తొమ్మిదంటే తొమ్మిదే. 274472లా ఎటునుంచి చదివినా ఒకేలా ఉండేవి సుమారు వెయ్యికొకటి. తెలంగాణ ఏర్పడ్డ రోజు 020614 కావాలన్నా, మీ పుట్టినరోజు కావాలన్నా 10 లక్షల్లో ఒక్కటే అవకాశం. ఇంట్లో పదో తరగతి పిల్లలుంటే వాళ్లతో ఈ లెక్క కట్టించండి. సంభావ్యత పాఠం జేబులోంచే వస్తుంది. వంద నోట్లు చూసి ఏమీ దొరకలేదని నీరసపడిపోయేవాళ్లకు కూడా ఈ లెక్కే మందు. ఎంత వెతికితే ఎంత దొరుకుతుందో ముందే తెలిసినవాళ్లకు ఓపిక దానంతటదే వస్తుంది. ఉద్యోగ ప్రయత్నంలోనైనా, వ్యాపారంలోనైనా ఈ ఓపికే మనల్ని నిలబెడుతుంది.

మిర్యాలగూడ రైసుమిల్లులో హమాలీలకు కూలి పంచే గుమాస్తాకు, సూర్యాపేట బస్సుల్లో చిల్లర ఇచ్చే కండక్టరుకు, కోదాడలో హైవే పక్కన టిఫిన్ సెంటర్ గల్లా మీద కూర్చునే ఆయనకు ఇలాంటి నోట్లు దొరికే అవకాశం ఉన్నంతగా మిగతావాళ్లకు ఉండదు. అయితే వేళ ఎరగాలి. ఎదురుగా జనం నిలబడి ఉండగా నోటును వెలుతురుకు పెట్టి చూస్తూ కూర్చోవడం పని పట్ల అగౌరవం. రాత్రి గల్లా లెక్క చూసుకునేటప్పుడు ఐదు నిమిషాలు చాలు. ఆ ఐదు నిమిషాల్లో ఇంకో మేలు కూడా జరుగుతుంది. 500 నోటు అంచుల్లో వేలికి తగిలే ఐదు ఉబ్బు గీతలు, అటూ ఇటూ వంచితే ఆకుపచ్చ నుంచి నీలానికి మారే దారం కంటికి అలవాటైపోతాయి. అలా అలవాటుపడిన గల్లాలో దొంగనోటు పడటం అంత తేలిక కాదు.

అలాంటి నోటు ఎదుటివాళ్ల చేతిలో కనబడితే మొహమాటపడకండి. "అన్నా, గా పది నోటు నాకియ్యరాదే, ఇగో ఇంకోటి తీస్కో" అంటే ఎవరూ కాదనరు. "ఏముంది దాంట్ల?" అని అడిగితే దాచకుండా చెప్పండి. తెలిసింది నలుగురికీ చెబితే మాట కలుస్తుంది, తర్వాత వాళ్లే మీకోసం తీసి పెడతారు.

డబ్బు విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. నెలకు ఇంత అని ముందే ఒక హద్దు గీసుకోండి, దాన్ని దాటొద్దు. ఇంటి ఖర్చుకు ఉంచిన డబ్బును దాచిపెట్టడం సేకరణ అనిపించుకోదు. పది నోటును పది రూపాయలకు మించి కొనకండి. నలిగి, నూనె మరకలు పడ్డ నోటు మీద స్టార్ ఉన్నా దాని విలువ పదే. పెళపెళలాడే కొత్త నోటుకే సేకర్తల దగ్గర కాస్త గిరాకీ. పాత నోట్లు కొంటామంటూ రిజర్వ్ బ్యాంకు పేరు చెప్పి ఎవరైనా రిజిస్ట్రేషన్ ఫీజు, కమిషన్, ఓటీపీ అడిగితే ఫోన్ పెట్టేయండి. తాము అలాంటి కొనుగోళ్లు చేయమని, ఏ రుసుమూ అడగమని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది.

దొరికిన నోటుకు ఇస్త్రీ చేయొద్దు, లామినేషన్ వద్దు, పిన్ను గుచ్చొద్దు. మడత పడకుండా ఒక కవరులో పెట్టి, పక్కనే ఒక నోటుబుక్కు ఉంచుకోండి. ఈ నోటుబుక్కు విషయంలో నాకు పట్టుదల ఎక్కువ. దానికో కారణం ఉంది. 2024లో సూర్యాపేట జిల్లా ఫణిగిరి తవ్వకాల్లో ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి. ఒకవైపు ఏనుగు, రెండోవైపు ఉజ్జయిని చిహ్నం. ఇక్ష్వాకుల కాలం నాటివి. ఒకప్పుడు అవీ చేతులు మారిన డబ్బే. ఏ చోట, ఏ కుండలో, ఎన్ని దొరికాయో రాసి పెట్టారు కాబట్టే అవి చరిత్రకు ఆధారమయ్యాయి. అదే నాణెం ఎవరి జేబులోంచో ఊరూ పేరూ లేకుండా వచ్చి ఉంటే చెప్పగలిగేది సగం కూడా ఉండేది కాదు. మీరూ తేదీ వేసి రాయండి. "10 రూపాయలు, స్టార్, వై.వి. రెడ్డి సంతకం, మిర్యాలగూడ కూరగాయల మార్కెట్, టమాటలు కొన్నప్పుడు చిల్లరలో వచ్చింది" అని ఒక్క వరుస చాలు.