పుట్టిన వారంలోనే చూపించు

నింపురా, ఖరగ్‌పూర్
12-9-2022

చి.ల.సౌ. సుజాతను తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నేరుగా విషయానికొస్తాను. పురుడు కాకుండా, పుట్టబోయే పసిబిడ్డని గడప దాటించొద్దని మీ అత్తగారు అన్నారట, కళ్ల పరీక్ష మూడో నెలలో చూసుకుందామని నువ్వూ తలూపావట. మీ అమ్మ చెప్పింది. ఫోన్లో అయితే నువ్వు ఏడుస్తావు, నేను అరుస్తాను. అందుకే కాగితం తీశాను.

మూడో నెల కాదు, మొదటి వారం.

నీ పెద్దబిడ్డ, మన బాబుకి రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ రెండు కళ్లలోనూ వచ్చింది. రెండింటా వచ్చిందంటే ఆర్‌బీ1 అనే జన్యువులో తేడా పుట్టుకతోనే ఒంట్లో ఉందని అర్థం. 1971లో ఆల్ఫ్రెడ్ నడ్సన్ అనే అమెరికా డాక్టరు 48 కేసులు ముందేసుకుని లెక్కలు కట్టి ఈ సంగతి ఊహించాడు. జన్యువు చేతికి చిక్కింది ఆ తర్వాత పదిహేనేళ్లకి. నలభై ఎనిమిదే! మా రైల్వే వర్క్‌షాపులో ఒక చక్రం పగిలితే అంతకంటే ఎక్కువ కాగితాలు రాసేవాళ్లం. తల్లిదండ్రుల్లో ఒకరికి ఆ తేడా ఉంటే ప్రతి కాన్పుకీ అది బిడ్డకి వచ్చే అవకాశం సగానికి సగం. ఆ తేడా రక్తంలో కనబడకుండా దాగి ఉండటమూ ఉంది కాబట్టి, మీ ఇద్దరి రిపోర్టులూ బాగున్నా పుట్టే బిడ్డని చూపించాల్సిందే.

ఆగితే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా? 2020 గుర్తు చేసుకో. అప్పటికి ఏడాది క్రితమే హైదరాబాదులో బాబు కుడికన్ను తీసేశారు. ఎడమకంటిని కీమోతో, లేజరుతో నిలబెట్టారు. నెలనెలా మత్తిచ్చి చూస్తున్నారు. ఇంతలో మార్చి 22తో ప్రయాణికుల రైళ్లన్నీ ఆగిపోయాయి. రైలు కూతతో నిద్రలేచే ఊరు మనది, కిలోమీటరుకి పైగా పొడవున్న ప్లాట్‌ఫారం మీద మనిషి లేడు. ఆ వారంలోనే రైల్వే చాలా రాయితీలు తీసేసింది గానీ రోగులవి ఉంచింది. క్యాన్సర్ రోగికి స్లీపర్‌లో టికెట్ ఉచితం. రాయితీ ఉంది, రైలే లేదు!

వాడకట్టులో అందరూ ఒకటే మాట: కరోనా తగ్గాక వెళ్లండి, పిల్లాడు ఆడుకుంటూనే ఉన్నాడు కదా అని. నువ్వు ఫ్లాష్ వేసి ఫొటో తీసి హైదరాబాదు డాక్టరుగారికి పంపావు. గడ్డకి గుర్తైన తెల్లమెరుపు కంట్లో లేదు, మనమంతా ఊపిరి పీల్చుకున్నాం. ఆవిడ మాత్రం ఒప్పుకోలేదు. అంచున పుట్టిన గడ్డ ఫొటోకి దొరకదనీ, పిల్లాడు మత్తులో కదలకుండా ఉన్నప్పుడు కంటిగుడ్డుని బయటినుంచి నొక్కి చివరిదాకా చూడాలనీ, హైదరాబాదు రాలేకపోతే భువనేశ్వర్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికైనా వెళ్లమనీ చెప్పింది. హైదరాబాదు వాళ్ల ఫైలు భువనేశ్వర్ వాళ్లు చూడగలరు కదా.

గోల్‌బజార్ కుర్రాడి కారు, ఈ-పాస్, మూడొందల పైచిలుకు కిలోమీటర్లు. జలేశ్వర్ దగ్గర సరిహద్దులో ఫైలు చూపిస్తే, "కంటికోసం ఇంత దూరమా" అన్నాడట ఒకాయన. మత్తుకి ముందు కరోనా పరీక్ష. పాలు మానిపించి ఆరు గంటలు. లోపలికి ఒక్కరే అంటే నువ్వు వెళ్లావు, మీ ఆయన గేటు బయట నిలబడ్డాడు. అంచున ఆవగింజంత కొత్త మచ్చ కనబడింది, అక్కడికక్కడే లేజరు చేశారు. అదే కరోనా తగ్గేదాకా ఆగి ఉంటే? వాడికి ఉన్నది ఆ ఒక్క కన్నే.

నిన్ను నేనేమీ పిరికిదానివి అనటం లేదు. నాలుగేళ్లుగా ఆసుపత్రి వాసన పీల్చినదానివి, ఈసారి పసిబిడ్డతో కొన్నాళ్లు హాయిగా ఉండాలనుకోవటం న్యాయమే. కానీ ఒక లెక్క చూడు. తొలి రెండు నెలల్లో అయితే బిడ్డకి మత్తు అక్కర్లేదు, చుక్కలు వేసి, గుడ్డలో చుట్టి పట్టుకుని చూసేస్తారు. ఆ వయసు దాటాకే మత్తు. మూడో నెలకి వాయిదా వేస్తే తేలిగ్గా అయ్యే పనిని నువ్వే కష్టం చేసుకున్నట్టు. పైగా బాబు రక్తంలో ఆ తేడా ఏమిటో మన దగ్గర రిపోర్టు ఉంది కాబట్టి, కాన్పు అవగానే బొడ్డుతాడు రక్తం తీసి పంపిస్తే ఈ బిడ్డకి అది వచ్చిందో లేదో తేలిపోతుంది. రాలేదంటే ఇక ఈ తిరుగుడే ఉండదు. వచ్చిందంటే, గడ్డ పుట్టీ పుట్టకముందే మనం అక్కడ ఉంటాం. బాబు విషయంలో మనకి ఆ అవకాశం దొరకలేదు.

ఇప్పుడు విశాఖలో ఉన్నావు, హనుమంతవాక దగ్గరే ఎల్వీ ప్రసాద్ ఆసుపత్రి. కారూ పాసూ ఏమీ అక్కర్లేదు.

మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పు. పురుడు పదకొండో రోజున ఆవిడ ఇష్టప్రకారమే చేద్దాం, ఖర్చు నాది. ముందు మాత్రం ఆసుపత్రి. కావాలంటే నేనే ఆవిడతో మాట్లాడతాను. బాబు జన్యు పరీక్ష రిపోర్టు జిరాక్సు తీయించి ఈ వారమే నీ కాన్పు డాక్టరమ్మకి ఇవ్వు. ఇచ్చాక నాకు ఫోన్ చెయ్యి.

ఇట్లు,
తాతయ్య