ఎత్తడం – నిలపడం

ఉద్దేశం: పాత పనిముట్టును బాగుచేసుకొని నిలుపుకోవడంలోని విలువను, దానిని వాడేటప్పుడు ఉండవలసిన వివేకాన్ని విద్యార్థులకు తెలియజేయడం.

రాజమహేంద్రవరం నుండి విశాఖపట్నం వెళ్ళే 16వ నంబరు జాతీయ రహదారి మీద ప్రయాణించేవారికి అన్నవరం తెలియని ఊరు కాదు. అక్కడ పంపానది చెంత, రత్నగిరి మీద సత్యనారాయణస్వామి ఆలయం ఉంది. ఆ ఆలయాన్ని నాలుగు మూలలా చక్రాలున్న రథం ఆకారంలో నిర్మించారు. కొత్త వాహనం కొన్నవారు దానిని స్వామి సన్నిధికి తెచ్చి పూజ చేయిస్తారు. చక్రాల కింద నిమ్మకాయలు ఉంచి, వాటిని తొక్కించి ముందుకు నడుపుతారు. చక్రం సాఫీగా తిరుగుతున్నంత కాలం దాని గొప్పతనమే కనిపిస్తుంది. గాలి పోయి అది దారిలో నిలిచిపోయిన నాడు మాత్రం, దానిని నేల నుండి పైకి లేపే జాకీ విలువ తెలిసివస్తుంది.

జాకీలు పలురకాలు. కారుతోపాటు సాధారణంగా ఇచ్చే చిన్న జాకీ మర తిప్పితే లేస్తుంది. లారీ డ్రైవర్లు వెంట ఉంచుకొనే బాటిల్ జాకీ నూనె ఒత్తిడితో లేస్తుంది. మెకానిక్ షెడ్లలో కనిపించే ట్రాలీ జాకీ కూడా నూనెతోనే పనిచేస్తుంది. దానికి చిన్న చక్రాలు, పొడవైన పిడి, బండిని ఎత్తే ఇనుప చేయి ఉంటాయి. నేల మీద దొర్లించుకుంటూ బండి కిందికి తోసి, పిడిని పైకీ కిందికీ ఆడిస్తే టన్నుకు మించిన కారు ఒక పక్క పైకి లేస్తుంది.

ఈ అద్భుతానికి మూలమైన సూత్రాన్ని ఫ్రాన్సు దేశపు శాస్త్రవేత్త బ్లెయిజ్ పాస్కల్ వివరించాడు. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని దిక్కులకూ సమానంగా వ్యాపిస్తుందన్నదే ఆ సూత్రం. ఆయన మరణానంతరం 1663లో ఆ గ్రంథం వెలువడింది. ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా 1795లో హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు పొందాడు. న్యూయార్కులో రిచర్డ్ డడ్జన్ 1851లో చేతితో మోసుకుపోగల హైడ్రాలిక్ జాకీకి పేటెంటు సంపాదించాడు.

జాకీలో రెండు గొట్టాలు ఉంటాయి. చిన్నదాని వ్యాసం 1 సెంటీమీటరు, పెద్దదాని వ్యాసం 5 సెంటీమీటర్లు అనుకుందాం. అప్పుడు పెద్దదాని వైశాల్యం 25 రెట్లు అవుతుంది. చిన్న గొట్టంలోని ముషలకం మీద 100 కిలోల బరువుకు సమానమైన బలం పడితే, పెద్ద ముషలకం 2,500 కిలోల బలంతో పైకి లేస్తుంది. అయితే ప్రకృతి ఏదీ ఉచితంగా ఇవ్వదు. పెద్ద ముషలకం 1 సెంటీమీటరు లేవాలంటే చిన్నది మొత్తం 25 సెంటీమీటర్లు కదలాలి. పిడిని అన్నిసార్లు కొట్టవలసిరావడానికి కారణం ఇదే. బలంలో లభించిన లాభాన్ని దూరంలో చెల్లించక తప్పదు.

అమెరికాలో ఇరవయ్యో శతాబ్దంలో తయారైన వాకర్, వీవర్, బ్లాక్‌హాక్, హైన్‌వెర్నర్ వంటి పేర్లు గల పాత జాకీలను సేకరించి, బాగుచేసి, ఇంటి గ్యారేజీలలో వాడుకొనేవారు ఉన్నారు. అది కేవలం పాత వస్తువుల మీది మోజు కాదు. ఆ జాకీల చట్రం బరువైనది. ఏ భాగానికి ఆ భాగం విప్పి, అరిగినదానిని మార్చి, తిరిగి బిగించడానికి వీలైనది. మన ఊళ్ళలో ఇంటి వసారాలోనో, రేకుల షెడ్డులోనో మూలన పడి ఉన్న పాత ట్రాలీ జాకీకి కూడా ఇదే న్యాయం వర్తిస్తుంది. లేవడం మానిన ప్రతి జాకీ పాత ఇనుము కొట్టుకు పోవలసినది కాదు. తరచుగా లోపం ఇనుములో ఉండదు. ఎండిపోయిన రబ్బరు సీలులోనో, మురికిపట్టిన నూనెలోనో ఉంటుంది.

బాగుచేయడంలో కొన్ని నియమాలు ఉన్నాయి. జాకీకి తగిన నూనెనే పోయాలి. చేతికి అందింది కదా అని బ్రేకు నూనె పోస్తే ఆ నూనెకు సరిపడని సీళ్ళు ఉబ్బి పాడవుతాయి. లోపల గాలి చేరితే పిడి మెత్తగా ఆడుతుంది. అప్పుడు వదిలే మరను తెరిచి పిడిని కొన్నిసార్లు ఆడించి గాలిని వెళ్ళగొట్టాలి. సముద్రపు తేమ సోకే ప్రాంతాలలో ముషలకానికి తుప్పు పడుతుంది. గుంటలు పడిన ముషలకం కొత్త సీలును సైతం కోసివేస్తుంది. బీట వారిన చట్రాన్ని అతికించి మళ్ళీ బరువు కిందికి తేవడం మాత్రం తగదు. అలాంటి జాకీని అలంకారంగా ఉంచుకోవచ్చు, పనికి వాడరాదు.

పోతన భాగవతం అష్టమ స్కంధంలోని క్షీరసాగర మథన కథ అందరికీ తెలిసినదే. దేవదానవుల బలానికి కొదవ లేదు. కవ్వంగా మందరగిరి, తాడుగా వాసుకి సిద్ధంగా ఉన్నాయి. అయినా అడుగున ఆధారం లేక మందరం మునిగిపోయింది. విష్ణువు కూర్మరూపంలో కింద నిలిచిన తరువాతనే మథనం సాగింది. జాకీ విషయంలోనూ ఈ సత్యమే ప్రధానం. గోదావరి సీమలోని మెత్తని మట్టిలో, ఇసుకలో జాకీ దిగబడుతుంది. ట్రాలీ జాకీ చేయి వంపు తిరుగుతూ లేస్తుంది కనుక, అది లేచేకొద్దీ జాకీ చక్రాలు కొంచెం దొర్లాలి. ఇసుకలో అవి కదలకపోతే బండి జాకీ తల మీది నుండి జారిపోగలదు. అందుచేత గట్టి, చదునైన నేల మీదనే దానిని వాడాలి. నేల మీద ఉన్న చక్రాలకు ముందూ వెనుకా అడ్డు పెట్టాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. జాకీ ఎత్తడానికే, నిలపడానికి కాదు. ఎంత మంచి జాకీ అయినా బరువును మోసేది లోపలి నూనె. ఒక చిన్న సీలు తెగితే ఆ నూనె జారుతుంది, బండి కిందికి దిగుతుంది. కింద పడుకొని పనిచేసేవాడికి తప్పుకొనే వ్యవధి ఉండదు. కనుక బండిని ఎత్తిన వెంటనే, దాని బరువుకు తగిన ఇనుప స్టాండ్లను చట్రం కింద ఉంచి, బరువును వాటి మీదికి దించాలి. ఇటుకలను నమ్మరాదు, అవి ముందుగా హెచ్చరించకుండా పగులుతాయి. స్టాండ్లు లేని చోట చక్రం మార్చవచ్చునేమో గాని, బండి కిందికి దూరరాదు.

విజయదశమికి షెడ్లలో పనిముట్లను కడిగి, పసుపు కుంకుమలు పెట్టి పూజిస్తారు. ఆ రోజుననే సీళ్ళను, నూనెను, చట్రాన్ని పరీక్షించడం కూడా ఆ పూజలో భాగం కావాలి. తాత వాడిన జాకీని మనుమడు వాడగలగడం సంతోషించదగిన విషయమే. ఆ మనుమడు పని ముగించి, బండి కింద నుండి క్షేమంగా బయటికి రావడం అంతకన్నా ముఖ్యం.

అభ్యాసం
1. ‘బలంలో లభించిన లాభాన్ని దూరంలో చెల్లించక తప్పదు’ – వివరించండి.
2. క్షీరసాగర మథన కథకు, జాకీ వాడకానికి గల పోలికను తెలపండి.
3. పాత జాకీలలో ఏది బాగుచేయదగినది? ఏది వాడరానిది? కారణాలు రాయండి.
4. మీ ఇంట గాని, ఊరిలో గాని తరాలుగా వాడుకలో ఉన్న ఒక పనిముట్టును గురించి పది వాక్యాలలో రాయండి.