గుర్రం గేటుకు రాకముందే పందెమా?

ప్రశ్న: బర్మింగ్‌హామ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మార్చిలో చెల్టెన్‌హామ్ గుర్రప్పందేలంటే ఇక్కడ జాతరే. మా ఆఫీసులో కొందరు డిసెంబరులోనే కాసేస్తారు. అప్పుడు ఒకటికి పది పలికిన గుర్రం పందెం రోజుకు ఒకటికి నాలుగుకు దిగుతుందట. మరి ముందే కాయడం తెలివైన పనే కదండీ?
- ఒక పాఠకుడు, బ్రిటన్

జవాబు: ఆ గుర్రమే గెలిస్తే తెలివైన పనే. పది పౌండ్లకు నలభై రావలసిన చోట వంద వస్తుంది. అయితే బుకీ ఊరికే పది ఇవ్వడు. పందెం రోజున కాశారనుకోండి, గుర్రాన్ని విరమించుకుంటే మీ డబ్బు మీకు తిరిగి వస్తుంది. నెలల ముందు కాసే పందేనికి ఆ హామీ ఉండదు. గుర్రానికి కాలు వాచినా, దగ్గు పట్టినా, నేల మరీ బురదగా ఉందనో మరీ గట్టిగా ఉందనో ట్రైనర్ వెనక్కి తగ్గినా, అదే పండగలో ఇంకో పందేనికి మార్చినా మీ పది పౌండ్లు పోయినట్టే. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెతకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

చిన్న లెక్క వేద్దాం. పందెం రోజున ఒకటికి నాలుగు పలికే గుర్రం గెలిచే అవకాశం సుమారు 20 శాతం. అది అసలు బరిలోకి వచ్చే అవకాశం డిసెంబరులో సగమే అనుకుంటే, మీ టికెట్టు గెలిచే అవకాశం 10 శాతానికి పడిపోతుంది. దానికి న్యాయమైన రేటు ఒకటికి తొమ్మిది. మీకు పది ఇచ్చారు కాబట్టి మిగిలింది వెంట్రుకవాసి. బరిలోకి వచ్చే అవకాశం 40 శాతమే అయితే న్యాయమైన రేటు పదకొండున్నర. అంటే పదికి కాసి మీరు నష్టపోయారు. ఇంకొకటి. రేటు పది నుంచి నాలుగుకు దిగిన గుర్రాల కథలే ఆఫీసులో వినిపిస్తాయి. పది నుంచి ముప్పైకి ఎగబాకిన వాటి గురించి ఎవరూ టీ తాగుతూ చెప్పుకోరు.

కాన్‌స్టిట్యూషన్ హిల్ అనే గుర్రం సంగతే చూడండి. 2023లో చెల్టెన్‌హామ్‌లో చాంపియన్ హర్డిల్ పందెం అవలీలగా గెలిచింది. 2024లోనూ దానికి తిరుగులేదన్నారు. పందేనికి కొద్ది రోజుల ముందు శ్వాసకోశ ఇబ్బంది బయటపడి తప్పుకుంది. ఏ హామీ లేకుండా ముందే కాసినవాళ్ల టికెట్లు చిత్తు కాగితాలయ్యాయి. ఆ ఏడు స్టేట్ మ్యాన్ గెలిచింది. 2025లో కాన్‌స్టిట్యూషన్ హిల్ బరిలోకి వచ్చింది, మధ్యలో కంచె తగిలి పడింది. ముందంజలో ఉన్న స్టేట్ మ్యాన్ కూడా ఆఖరి కంచె దగ్గర పడింది. ఒకటికి పాతిక పలికిన గోల్డెన్ ఏస్ గెలిచింది. ముందే కాసినవాళ్లకు గుర్రం రాకపోతుందేమోనన్న బెంగ, పడిపోతుందేమోనన్న బెంగ రెండూ ఉంటాయి. ఆ రోజు కాసేవాళ్లకు రెండోది ఒక్కటే.

తప్పదనుకుంటే ఒక పని చేయండి. పండగ దగ్గర పడేకొద్దీ 'గుర్రం పరుగెత్తకపోతే పందెం లేదు' అనే షరతుతో కొన్ని కంపెనీలు పందేలు తీసుకుంటాయి. రేటు కాస్త తగ్గుతుంది, అసలు మాత్రం భద్రం. ఆ గుర్రం పేరు ఎన్ని పందేల్లో నమోదై ఉందో కూడా చూసుకోండి. మూడింట్లో ఉంటే మీరు కాసిన దాంట్లోనే దిగుతుందన్న నమ్మకం లేదు.

ప్రశ్న: ముందే కాసి బాగుపడ్డవాళ్లు చరిత్రలో లేరా?
- ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఉన్నారు. కానీ మునిగినవాళ్ల కథే ఎక్కువ రుచిగా ఉంటుంది. హేస్టింగ్స్ మార్క్విస్ అనే కుర్ర ప్రభువు 1864లో హెన్రీ చాప్లిన్‌కు నిశ్చయమైన అమ్మాయిని లేవదీసుకుపోయి పెళ్లాడాడు. చాప్లిన్ దగ్గర హెర్మిట్ అనే గుర్రం ఉండేది. 1867 ఎప్సమ్ డర్బీలో అది గెలవదని హేస్టింగ్స్ ముందునుంచీ భారీగా పందేలు ఒప్పుకున్నాడు. డర్బీకి కొద్ది రోజుల ముందు సాధన చేస్తుండగా హెర్మిట్ ముక్కు నుంచి రక్తం కారింది. ఇంకేముంది, దాని పని అయిపోయిందన్నారు. రేటు ఒకటికి అరవై ఆరు దాకా పోయింది. డర్బీ రోజున మంచు కురిసింది. చలికి వణుకుతూ నిలబడ్డ హెర్మిట్ చివరి అంగల్లో ముందుకొచ్చి గెలిచింది. హేస్టింగ్స్ పోగొట్టుకున్నది సుమారు 1,20,000 పౌండ్లు. మరుసటి ఏడాదే, 26 ఏళ్లకు చనిపోయాడు.

ఇందులో ఎక్కువ బాగుపడింది అందరికంటే ముందు కాసినవాడు కాదు, రక్తం చూసి జనం పారిపోయాక కాసినవాడు. ముందు కాయడం అనే మాటలో పెద్ద మహిమేమీ లేదు. రేటు ఏ క్షణంలో తప్పుగా ఉందో పట్టుకోవడంలోనే ఉంది. అది పట్టుకునే కన్ను నూటికి ఒకరికి కూడా ఉంటుందని నేననుకోను.

ప్రశ్న: మా కాలనీలో ఒకాయన దక్కన్ డర్బీకి రెండు వారాల ముందే డబ్బు తీసుకుంటున్నాడు. రేస్‌కోర్సులో కంటే ఎక్కువ రేటు ఇస్తానంటున్నాడు. గుర్రప్పందెం నైపుణ్యం గల ఆట అని సుప్రీంకోర్టే చెప్పింది కదా, భయమెందుకు అంటున్నాడు. నమ్మవచ్చా?
- ఒక పాఠకుడు, మలక్‌పేట, హైదరాబాద్

జవాబు: నమ్మకండి. 1996 నాటి సుప్రీంకోర్టు తీర్పు నిజమే. కానీ తెలంగాణ గేమింగ్ చట్టం (1974) గుర్రప్పందేలకు ఇచ్చిన మినహాయింపు చాలా ఇరుకైనది. పందెం జరిగే రోజునే, రేస్‌కోర్సులో అందుకు కేటాయించిన ఆవరణలోనే, లైసెన్సు ఉన్న బుకీ దగ్గరో, అందరి డబ్బూ కలిపి పంచే టోట్‌లోనో కాయాలి. రెండు వారాల ముందు కాలనీ అరుగు మీద చేతులు మారే డబ్బుకు ఈ మూడింట్లో ఒక్కటీ వర్తించదు. బ్రిటన్‌లో చెల్లే ముందస్తు పందెం ఇక్కడ మట్కాతో సమానం.

పైగా మీరు గెలిచి, ఆయన ఇవ్వకపోతే? పందెం ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ చెబుతోంది. కోర్టుకెళ్లి వసూలు చేసుకోలేరు. ఎక్కువ రేటు ఎలా ఇస్తున్నాడని అడిగారు కాదు గానీ, పన్ను కట్టనివాడికి, చివరికి ఇవ్వాల్సిన పని లేనివాడికి ఎంత రేటైనా చౌకే.

ప్రశ్న: రేస్‌కోర్సులోనే, ఆ రోజునే, తొందరగా వెళ్లి టికెట్టు తీసుకుంటే లాభమా?
- ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: ఎక్కడ తీసుకుంటారన్న దాన్ని బట్టి. రింగ్‌లో బుకీ దగ్గరైతే మీ టికెట్టు మీద రాసిన రేటే మీది. అయిదుకు తీసుకున్నాక గుర్రం రెండుకు దిగినా మీకు అయిదే. ఎనిమిదికి ఎక్కినా అయిదే. తొందరపాటుకు అక్కడ అర్థం ఉంది, కనీసం పది మంది బుకీల బోర్డులు తిరిగి చూసే ఓపిక ఉంటే.

టోట్‌లో అలా కాదు. అందరి డబ్బూ ఒక కుండలో పడుతుంది. కౌంటర్లు మూసేశాక క్లబ్ కోత, పన్ను పోగా మిగిలింది గెలిచినవాళ్లు పంచుకుంటారు. ఒంటిగంటకు తీసుకున్న టికెట్టుకూ గుర్రాలు గేటులోకి వెళ్తుండగా తీసుకున్నదానికీ డివిడెండ్ ఒక్కటే. తెరమీద కనిపించే అంకె చివరి నిమిషంలో మారిపోతుంది కూడా. కాబట్టి టోట్‌లో కాసేవాళ్లు పందేనికి ముందు గుర్రాలను నడిపించే ప్యాడాక్‌లో వాటి నడక చూశాకే కౌంటర్‌కు వెళ్లడం మేలు. జాక్‌పాట్ సంగతి వేరు. అందులోని మొదటి పందెం మొదలవకముందే అయిదు పందేల గెలుపు గుర్రాలూ రాసివ్వాలి. అయిదో పందెం గుర్రాన్ని అప్పటికి మీరు ప్యాడాక్‌లో చూసే వీలే లేదు.

ప్రశ్న: ముందుగా కాసి తక్కువ పెట్టుబడితో ఎక్కువ గెలిస్తే పన్ను తగ్గుతుందా?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: పన్ను శాతం తగ్గదు. పందెం పూర్తి విలువ మీద జీఎస్టీ 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతమైంది. గెలుపు మీద ఆదాయపు పన్ను వేరే, 30 శాతం. గెలుపు పది వేలు దాటితే చేతికిచ్చేటప్పుడే కోసేస్తారు. ఓడిన టికెట్లన్నీ రబ్బరు బ్యాండు వేసి దాచి ఆడిటర్ దగ్గరికి పట్టుకెళ్లేవాళ్లను చూశాను. గెలుపులోంచి ఆ నష్టం మినహాయించుకోవడానికి సాధారణ పందెంరాయుడికి చట్టం ఒప్పుకోదు.