చిన్న పెట్రోల్ ఇంజన్లు – రెండు రకాలు

ఈసారి ఇంజన్ల గురించి రాస్తున్నాను. ఇది మగపిల్లల పాఠం అనుకోవద్దు. మందు కొట్టే స్ప్రేయర్, గడ్డి కోసే మిషను, జనరేటర్ అన్నీ మన ఊళ్ళకు వచ్చినవి. వాటి సంగతి మనకూ తెలియాలి.

ఇంజను అంటే ఏమిటి?

ఆవిరి ఇంజనుకు మంట బయట పెడతారు. పెట్రోల్ ఇంజనులో మంట లోపలనే మండుతుంది. కనుక దీనిని అంతర్దహన యంత్రం అంటారు. ఇందులో సిలిండర్ అనే గొట్టం, ఆ గొట్టంలో పైకి కిందికి ఆడే పిస్టన్ ఉంటాయి. పిస్టన్‌కు తెలుగులో ముషలకం అని పేరు. ముసలం అంటే రోకలి. రోట్లో రోకలి ఆడినట్టే ఇదీ ఆడుతుంది. రోకలిని మనం ఆడిస్తాం, పిస్టన్‌ను మంట ఆడిస్తుంది. కుట్టు మిషను తొక్కితే చక్రం తిరిగినట్టు, పిస్టన్ ఆడితే కింద క్రాంక్ షాఫ్ట్ తిరుగుతుంది. పిస్టన్ పైకి గాని కిందికి గాని ఒకసారి పోతే దానిని ఒక స్ట్రోక్ అంటారు.

ఫోర్ స్ట్రోక్ ఇంజను

1876లో జర్మనీలో నికొలాస్ ఆటో ఈ పద్ధతిలో నడిచే ఇంజను చేశాడు. ఇందులో నాలుగు పనులు వరుసగా జరుగుతాయి.

1. పీల్చడం: పిస్టన్ కిందికి దిగుతుంది. వాల్వు తెరుచుకొని కార్బరేటర్ నుంచి పెట్రోలు, గాలి కలిసి లోపలికి వస్తాయి.
2. నొక్కడం: వాల్వులు మూసుకుంటాయి. పిస్టన్ పైకి వచ్చి ఆ గాలిని సుమారు ఎనిమిదో వంతు చోటులోకి నొక్కుతుంది. సైకిల్ పంపు మూతి వేలితో మూసి నొక్కి చూడండి, పంపు వేడెక్కుతుంది. ఇక్కడా అంతే.
3. మండడం: ప్లగ్ నిప్పురవ్వ వేస్తుంది. పెట్రోలు మండి పిస్టన్‌ను కిందికి తోస్తుంది. బలం వచ్చేది ఈ ఒక్కసారే.
4. వదలడం: ఇంకో వాల్వు తెరుచుకొని పొగ బయటికి పోతుంది.

నాలుగు స్ట్రోకులకు క్రాంక్ షాఫ్ట్ 2 చుట్లు తిరుగుతుంది. అంటే 2 చుట్లకు ఒక మంట. నిమిషానికి 3000 చుట్లు తిరిగే జనరేటర్‌లో 1500 మంటలు. సెకనుకు 25 అన్నమాట!

టూ స్ట్రోక్ ఇంజను

డుగాల్డ్ క్లర్క్ అనే ఆయన టూ స్ట్రోక్ ఇంజనుకు 1881లో పేటెంట్ తీసుకున్నాడు. ఇప్పుడు మనం చూసే చిన్న మిషన్లలో ఇది ఇట్లా పనిచేస్తుంది. పిస్టన్ పైకి పోయేటప్పుడు పైన ఉన్న గాలిని నొక్కుతుంది, అదే సమయంలో కింది అరలోకి కొత్త గాలి, పెట్రోలు వస్తాయి. పైన మంట లేవగానే పిస్టన్ దిగుతుంది. దిగుతూ సిలిండర్ పక్కన ఉన్న రంధ్రాలను తెరుస్తుంది. ఒక దాంట్లో నుంచి పొగ పోతుంది, ఇంకో దాంట్లో నుంచి కింది అరలోని కొత్త గాలి పైకి వస్తుంది. ప్రతి చుట్టుకు ఒక మంట. ఇట్లాంటి చిన్న ఇంజన్లకు వాల్వులు లేవు, బరువు తక్కువ. వీపు మీద మోసినా, వంచినా నడుస్తుంది. కానీ కాలని పెట్రోలు కొంత పొగతో పాటు పోతుంది. ఖర్చు ఎక్కువ, పొగ ఎక్కువ.

బండ్లలో కూడా రెండూ ఉన్నాయి. పాత లూనా, టీవీఎస్ 50 టూ స్ట్రోక్. 2015లో వచ్చిన టీవీఎస్ ఎక్స్ఎల్ 100 ఫోర్ స్ట్రోక్.

ముఖ్యమైన తేడా – ఆయిల్

ఫోర్ స్ట్రోక్‌లో ఆయిల్ కింద వేరే అరలో ఉంటుంది, పెట్రోలు వేరే ట్యాంకులో ఉంటుంది. టూ స్ట్రోక్‌లో ఆ కింది అరలో నుంచే పెట్రోలు పోవాలి. అక్కడ ఆయిల్ నిలువ ఉంచలేం. కనుక పెట్రోలులోనే టూ-టీ ఆయిల్ కలపవలెను.

ఇది తెలియక నిరుడు మా ఊరిలో నష్టం జరిగింది. ఆరు ఇండ్లవాళ్ళు పైసలు జమ చేసి స్ప్రేయర్ కొన్నారు. ట్యాంకు మీద 25:1 అని ఉంది, మిగతాది ఇంగ్లీషు. చదివేవాళ్ళు లేరు. మా కాక బండిలో పోసే పెట్రోలే దాంట్లో పోసిండు. పత్తికి మందు కొడుతుంటే సగం చేను కాకముందే ఆగిపోయింది. తాడు లాగితే కదలలేదు. పిస్టన్ సిలిండర్‌కు పట్టుకుపోయింది. రెండూ మార్చాలని మెకానిక్ చెప్పిండు. మిగతా చేను అంతా చేతి పంపుతో కొట్టారు. ఆ 25:1 మనం బడిలో చేసే నిష్పత్తి లెక్కే.

25:1 అంటే 25 పాళ్ళ పెట్రోలుకు 1 పాలు ఆయిల్.
1 లీటరు = 1000 మి.లీ. 1000 ÷ 25 = 40 మి.లీ.
50:1 అని ఉంటే 1000 ÷ 50 = 20 మి.లీ.

దగ్గు మందు మూతతో కొలవచ్చు. ఆ మూతను మళ్ళీ మందు తాగడానికి వాడరాదు.

ఎట్లా గుర్తు పట్టాలి? మిషను పేరు చూసి చెప్పలేం. గడ్డి కోసే మిషన్లు రెండు రకాల్లోనూ వస్తున్నాయి. మూతలు చూడాలి. పెట్రోలు మూత కాక, కింద ఆయిల్‌కు వేరే మూత ఉంటే ఫోర్ స్ట్రోక్. దాంట్లో పెట్రోలులో ఆయిల్ కలపరాదు, కింది ఆయిల్ తగ్గకుండా చూడాలి. పెట్రోలు మూత ఒక్కటే ఉండి, దగ్గర 25:1 గాని 50:1 గాని రాసి ఉంటే టూ స్ట్రోక్.

జాగ్రత్తలు

ఏ రకం ఇంజనైనా పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్ళు తిరగడం, తర్వాత ప్రాణమే పోవచ్చు. కనుక వాన పడుతున్నా జనరేటర్‌ను గదిలో, వరండాలో నడపరాదు. కిటికీలకు దూరంగా బయటనే పెట్టాలి. ఇంజను ఆపి, చల్లారిన తర్వాతనే పెట్రోలు పోయాలి. దగ్గర దీపం, బీడీ ఉండరాదు.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ ఊరి మిషన్ల మూతలు చూడండి. రాసి ఉన్నది చదివి పెద్దవాళ్ళకు గోండిలో చెప్పండి. తెలుగులో చెప్తే తల ఊపుతారు గాని సగమే అర్థమవుతుంది.

ప్రశ్నలు

1. 5 లీటర్ల పెట్రోలుకు 25:1 లెక్కన ఎంత ఆయిల్ కావాలి?
2. నిమిషానికి 6000 చుట్లు తిరిగే టూ స్ట్రోక్ ఇంజనులో సెకనుకు ఎన్ని మంటలు?

జవాబులు కాగితం మీద రాసి నాకు ఇవ్వండి.

– 9వ తరగతి విద్యార్థిని