బేస్ గిటారు మీద కమాను

పోయిన చలికాలం ఒక ప్రాజెక్టు అయిపోయి, ఇంకొకటి మొదలయ్యే లోపు రెండు వారాలు ఖాళీ దొరికింది. మా అమ్మాయి ఇక్కడి స్కూలు ఆర్కెస్ట్రాలో చెల్లో వాయిస్తుంది. దాని కమాను తీసుకుని నా ఎలక్ట్రిక్ బేస్ గిటారు మీద లాగాను. ముందు బుస్సుమంది, ఆ తర్వాత రెండు తీగలు ఒకేసారి గోల పెట్టాయి. నాకు చేతకావడం లేదేమో అనుకున్నాను. వారం రోజులు సాధన చేశాక అనుమానం వచ్చి లెక్కలు తీశాను.

ముందు కమాను పని చూద్దాం. రోజిన్ రాసిన గుర్రపు వెంట్రుకలు తీగను పట్టుకుని తమతో లాక్కెళ్తాయి. తీగలో ఏర్పడిన మడత ఆ చివరికీ ఈ చివరికీ తిరిగి కమాను దగ్గరకు రాగానే పట్టు జారుతుంది, వెంటనే మళ్ళీ దొరుకుతుంది. మన భాషలో ఇది రెండు స్టేట్‌ల మెషీన్, మడతే దాని క్లాక్. లావుపాటి ఇ తీగ మీద ఇలా సెకనుకి సుమారు 41 సార్లు జరుగుతుంది. 19వ శతాబ్దంలో దీన్ని కనిపెట్టినవాడు హెల్మ్‌హోల్ట్స్.

మరి గోల ఎందుకు? వయొలిన్ ఫింగర్‌బోర్డు వంపు వ్యాసార్ధం సుమారు 42 మిల్లీమీటర్లు. బ్రిడ్జి కూడా బాగా వంపుగా ఉంటుంది కాబట్టి ప్రతి తీగా విడిగా అందుతుంది. 1951లో వచ్చిన ఫెండర్ ప్రెసిషన్ బేస్ ఫింగర్‌బోర్డుకి అదే వ్యాసార్ధం 184 మిల్లీమీటర్లు, అంటే దాదాపు బల్లపరుపు. అందుకే అంచుల్లోని ఇ, జి తీగలు దొరుకుతాయి గానీ మధ్యలోని ఎ, డి తీగలు విడిగా చిక్కవు. 1960లలో ఎడ్డీ ఫిలిప్స్, జిమ్మీ పేజ్ ఎలక్ట్రిక్ గిటారు మీద కమాను వాడినప్పుడు వాళ్ళకీ ఈ చిక్కే.

బ్రిడ్జి మీది స్క్రూలు తిప్పి మధ్య తీగల్ని ఎత్తాను. కమానుకి కాస్త అందాయి. కానీ మెట్ల మీద నొక్కడం కష్టమైంది, నొక్కితే శ్రుతి పైకి జరిగింది.

ఇంకొక సంగతి. తీగ పికప్ వైపు కిందకీ పైకీ ఊగితే సిగ్నల్ బాగా వస్తుంది. కమాను పక్కలకు ఊపుతుంది. కాబట్టి గెయిన్ పెంచాలి, దాంతో హమ్మూ పెరుగుతుంది.

ప్రయత్నించాలనుకుంటే ఇ తీగతో మొదలుపెట్టండి. నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగలు వేయండి, వాయించాక రోజిన్ పొడి తుడవండి. పిల్లల కమాను మాత్రం ముట్టుకోకండి. నా గరుకు తీగలకు తెగిన వెంట్రుకలు మార్పించి ఇచ్చేదాకా మా అమ్మాయి నాతో మాట్లాడలేదు.